లెనర్డ్ స్కినర్డ్ తొలి ఆల్బమ్

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పుట్టిన రాక్ సంగీతాన్ని సదరన్ రాక్ అంటారు. ఈ బాణీలో ఎక్కువగా వినబడే పేర్లలో లెనర్డ్ స్కినర్డ్ బ్యాండు ఒకటి. దాని తొలి ఆల్బమ్ 1973 ఆగస్టు 13న ఎంసీఏ రికార్డ్స్ సంస్థ ద్వారా వెలువడింది. బ్యాండు పేరు అక్షరాల్లో చూసి పలకడం ఇంగ్లీషు వాళ్లకే కష్టం. అందుకని ఆ పేరును ఎలా పలకాలో చెప్పే ఉచ్చారణ సూచననే ఆల్బమ్‌కు పేరుగా పెట్టారు. ఇందులో ఎనిమిది పాటలున్నాయి, మొత్తం నిడివి 43 నిమిషాలు. వాటిలో 'ఫ్రీ బర్డ్', 'సింపుల్ మ్యాన్', 'ట్యూస్‌డేస్ గాన్', 'గిమ్మీ త్రీ స్టెప్స్' అనే నాలుగు అమెరికా రేడియోలో యాభై ఏళ్లుగా మోగుతూనే ఉన్నాయి. తొలి ప్రయత్నంలోనే ఇన్ని పాటలు నిలవడం అరుదు. ఆ నిలకడ వెనుక ఏళ్ల తరబడి సాగిన సాధన ఉంది.

బ్యాండు పుట్టుక

ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్ నగరంలో పడమటి వైపున్న కార్మికవాడ కుర్రాళ్లు 1964లో ఈ బ్యాండును మొదలుపెట్టారు. గాయకుడు రానీ వాన్ జాంట్, గిటారు వాద్యకారులు గ్యారీ రాసింగ్టన్, అలెన్ కాలిన్స్, డ్రమ్ములు వాయించే బాబ్ బర్న్స్ తొలి నుంచీ ఉన్నవారు. వాన్ జాంట్ తండ్రి లారీ డ్రైవరు. మొదట్లో 'మై బ్యాక్‌యార్డ్', తరువాత 'నోబుల్ ఫైవ్', ఆ పైన 'వన్ పర్సెంట్' అంటూ వీళ్లు చాలా పేర్లు మార్చారు.

ఇప్పటి పేరు ఒక బడి గొడవలోంచి వచ్చింది. వీళ్లలో కొందరు చదివిన రాబర్ట్ ఇ. లీ హైస్కూల్లో మగపిల్లలు జుట్టు పెంచకూడదని నిబంధన ఉండేది. దాన్ని కచ్చితంగా అమలు చేసిన వ్యాయామ ఉపాధ్యాయుడి పేరు లెనర్డ్ స్కినర్. ఆయన్ని ఆటపట్టించడానికి ఆ పేరునే కొద్దిగా వంకర తిప్పి, అక్షరాలు మార్చి బ్యాండుకు పెట్టుకున్నారు. తరువాతి కాలంలో ఆ ఉపాధ్యాయుడికి, బ్యాండుకు మధ్య స్నేహం కుదిరింది. 2021లో ఆ బడి పేరును రివర్‌సైడ్ హైస్కూల్‌గా మార్చారు.

వీళ్లకు ఆదర్శం ఒకవైపు రోలింగ్ స్టోన్స్, యార్డ్‌బర్డ్స్, క్రీమ్, ఫ్రీ వంటి బ్రిటిష్ బ్యాండ్లు, మరోవైపు ఇంటి దగ్గర వినిపించే బ్లూస్, కంట్రీ సంగీతం. నల్లజాతి వారి బ్లూస్ అట్లాంటిక్ దాటి ఇంగ్లండు చేరి, అక్కడ రాక్‌గా మారి, మళ్లీ దక్షిణాది తెల్ల కార్మికుల పిల్లల చేతికి వచ్చింది. సదరన్ రాక్ పుట్టుకలో ఈ రాకపోకలకు ముఖ్యమైన పాత్ర ఉంది.

హెల్ హౌస్ సాధన

జాక్సన్‌విల్‌కు దక్షిణాన గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్ దగ్గర ఒక పొలంలోని రేకుల గుడిసెను బ్యాండు అద్దెకు తీసుకుంది. ఫ్లోరిడా ఉక్కపోతలో ఏసీ లేని ఆ రేకుల కింద పొద్దున మొదలుపెట్టి రోజంతా వాయించేవారు. వేడి తట్టుకోలేక వాళ్లే దానికి నరకపు ఇల్లు అన్న అర్థంలో 'హెల్ హౌస్' అని పేరు పెట్టుకున్నారు. ఈ ఆల్బమ్‌లోని పాటల్లో చాలాభాగం రూపుదిద్దుకున్నది అక్కడే.

సాధనకు వాన్ జాంటే మేస్త్రి. ఆలస్యంగా వచ్చినవాడిని, తప్పు వాయించినవాడిని ఉపేక్షించేవాడు కాదు. పాటల మాటలను ఆయన కాగితం మీద పెట్టేవాడు కాదు. గిటారు వాళ్లు ఒక వరసను పదేపదే వాయిస్తుంటే వింటూ మనసులోనే చరణాలు అల్లుకునేవాడు. మరునాటికి గుర్తులేని మాట నిలవదగ్గది కాదని ఆయన లెక్క. గిటారు సోలోలను కూడా అప్పటికప్పుడు ఊహించి వాయించడానికి వదిలిపెట్టలేదు. ఏ స్వరం తరువాత ఏ స్వరమో ముందే ఖాయం చేసుకుని, ప్రతిసారీ అలాగే వాయించేవారు. వేదిక మీద రాగాన్ని ఇష్టమున్నంత సేపు విస్తరించే ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండుకు, వీళ్లకు ఉన్న పెద్ద తేడా ఇదే.

మజిల్ షోల్స్ నుంచి అట్లాంటాకు

నిజానికి ఈ బ్యాండు రికార్డు చేసిన తొలి పాటలు ఈ ఆల్బమ్‌లోవి కావు. 1971, 1972లో అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియోలో జిమ్మీ జాన్సన్ పర్యవేక్షణలో వీళ్లు చాలా పాటలు రికార్డు చేశారు. ఏ కంపెనీ వాటిని తీసుకోలేదు. ఆ రికార్డింగులు 1978లో, గాయకుడు చనిపోయాక, 'ఫస్ట్ అండ్ లాస్ట్' అన్న ఆల్బమ్‌గా బయటికి వచ్చాయి.

తలుపు తెరిచినవాడు అల్ కూపర్. 1965లో బాబ్ డిలన్ 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' పాటకు ఆర్గన్ వాయించి పేరు తెచ్చుకున్న ఈయనే 'బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్' బ్యాండు స్థాపకుడు. 1972లో అట్లాంటా నగరంలోని ఫునోకియోస్ అనే క్లబ్బులో లెనర్డ్ స్కినర్డ్ వాయిస్తుండగా ఆయన విన్నాడు. ఎంసీఏ సంస్థ అండతో తాను మొదలుపెడుతున్న 'సౌండ్స్ ఆఫ్ ది సౌత్' అనే లేబుల్‌లోకి రమ్మని పిలిచాడు. బ్యాండు వెంటనే ఒప్పుకోలేదు. కూపర్ రాసుకున్న దాని ప్రకారం, ఒక రాత్రి వాన్ జాంట్ ఫోను చేసి, తమ సామగ్రి దొంగలపాలైందని, 5,000 డాలర్లు అప్పుగా కావాలని అడిగాడు. కూపర్ మారుమాట లేకుండా పంపాడు. ఆ సొమ్ముతో బ్యాండునే కొనుక్కున్నావు పొమ్మని వాన్ జాంట్ మాట ఇచ్చేశాడు.

రికార్డింగు

అట్లాంటా శివారు డోరావిల్‌లోని స్టూడియో వన్‌లో 1973 మార్చి చివరి నుంచి మే మొదటి దాకా రికార్డింగు జరిగింది. సరిగ్గా దానికి ముందు బాస్ గిటారు వాయించే లియాన్ విల్కెసన్ బ్యాండు వదిలిపోయాడు. అతని స్థానంలోకి 'స్ట్రాబెర్రీ అలారం క్లాక్' బ్యాండులో పనిచేసిన కాలిఫోర్నియా వాద్యకారుడు ఎడ్ కింగ్ వచ్చాడు. రికార్డింగు పూర్తయ్యాక విల్కెసన్ తిరిగి రావడంతో కింగ్ గిటారుకు మారాడు. ముగ్గురు గిటారు వాద్యకారులు ఒకేసారి వాయించే సైన్యం అలా తయారైంది. తరువాతి రోజుల్లో బ్యాండుకు గుర్తుగా నిలిచిన ఈ పద్ధతి పుట్టింది అనుకోకుండా ఏర్పడిన ఖాళీలోంచే. పాటల్లో వాయించకపోయినా, అట్ట మీది ఫోటోలో మాత్రం విల్కెసన్ ఉన్నాడు. జార్జియా రాష్ట్రంలోని జోన్స్‌బరో ఊరి ప్రధాన వీధిలో ఏడుగురూ నిలబడి, కూర్చుని దిగిన ఫోటో అది.

పియానో వాయించే బిల్లీ పావెల్ మొదట బ్యాండులో వాద్యకారుడు కాడు, సామాను మోసే సహాయకుడు. ఒక బడిలో కచేరీకి వెళ్లినప్పుడు 'ఫ్రీ బర్డ్'కు తానే కట్టుకున్న ఒక ప్రారంభ బాణీని పియానో మీద వాయించి వినిపించాడు. శాస్త్రీయ శిక్షణ ఉన్న చేయి అని తెలియగానే వాన్ జాంట్ అతన్ని బ్యాండులోకి తీసుకున్నాడు.

నిర్మాతగా ఉంటూనే కూపర్ కూడా చాలా వాద్యాలు వాయించాడు. అట్ట మీద తన పేరు 'రూజ్‌వెల్ట్ గూక్' అని మారుపేరుతో వేసుకున్నాడు. 'ట్యూస్‌డేస్ గాన్'లో బాస్ గిటారు, మెలోట్రాన్, 'మిసిసిపీ కిడ్'లో మాండొలిన్, 'ఫ్రీ బర్డ్'లో ఆర్గన్ ఆయనవే. 'ట్యూస్‌డేస్ గాన్'కు డ్రమ్ములు వాయించింది అట్లాంటా రిథమ్ సెక్షన్ బ్యాండుకు చెందిన రాబర్ట్ నిక్స్.

పాటలు

ఎల్పీ రికార్డు రెండు వైపులా నాలుగేసి పాటలున్నాయి. మాటలన్నిటిలో వాన్ జాంట్ చేయి ఉంది.

మొదటి వైపు:
1. ఐ ఎయింట్ ది వన్ – రాసింగ్టన్, వాన్ జాంట్
2. ట్యూస్‌డేస్ గాన్ – కాలిన్స్, వాన్ జాంట్
3. గిమ్మీ త్రీ స్టెప్స్ – కాలిన్స్, వాన్ జాంట్
4. సింపుల్ మ్యాన్ – రాసింగ్టన్, వాన్ జాంట్

రెండో వైపు:
5. థింగ్స్ గోయిన్ ఆన్ – రాసింగ్టన్, వాన్ జాంట్
6. మిసిసిపీ కిడ్ – కూపర్, వాన్ జాంట్, బర్న్స్
7. పాయిజన్ విస్కీ – కింగ్, వాన్ జాంట్
8. ఫ్రీ బర్డ్ – కాలిన్స్, వాన్ జాంట్

'గిమ్మీ త్రీ స్టెప్స్' నవ్వించే పాట. బారులో ఒకామెతో నాట్యం చేసిన కుర్రాడి ముందుకు ఆమె మనిషి తుపాకీ పట్టుకుని వస్తాడు. తలుపు దాకా పరుగెత్తడానికి మూడు అడుగుల వ్యవధి ఇవ్వమని కుర్రాడు బతిమాలుకుంటాడు. జాక్సన్‌విల్‌లో వాన్ జాంట్‌కు ఎదురైన అనుభవమే దీనికి మూలం. తుపాకీ ఎదుట మగతనం చూపించకుండా కాలికి బుద్ధి చెప్పిన కథానాయకుడు రాక్ పాటల్లో తక్కువ.

'సింపుల్ మ్యాన్'లో తల్లి కొడుక్కి చెప్పే బుద్ధులుంటాయి: తొందరపడకు, పరుల సొత్తుకు ఆశపడకు, మనసుకు నచ్చినట్టు బతుకు అని. ఇంటి పెద్దావిడను పోగొట్టుకున్న దుఃఖంలో రాసింగ్టన్, వాన్ జాంట్ ఈ పాట కట్టారు. గిటారు తీగలను ఒక్కొక్కటిగా మీటుతూ నెమ్మదిగా మొదలై, పల్లవికి వచ్చేసరికి మోత పెరుగుతుంది. ఈ పాట ఆల్బమ్‌లో వద్దని కూపర్ పట్టుబడితే, వాన్ జాంట్ ఆయన్ని తీసుకెళ్లి కారులో కూర్చోబెట్టి, రికార్డింగు అయ్యేదాకా లోపలికి రావద్దన్నాడని బ్యాండు వారు చెప్పేవారు.

'ట్యూస్‌డేస్ గాన్' రైలెక్కి ఊరు విడిచిపోయే మనిషి పాట. ఏడున్నర నిమిషాలు సాగుతుంది. 'థింగ్స్ గోయిన్ ఆన్' పేదవాడల బాధ పట్టని పాలకులను, చంద్రుడి మీదికి పోసే డబ్బును నిలదీస్తుంది. 'పాయిజన్ విస్కీ' తాగుడుకు బలైన మనిషి కథ. 'మిసిసిపీ కిడ్' పాత బ్లూస్ పద్ధతిలో కట్టిన చిన్న పాట. గిటారు మోతకే ఈ బ్యాండును గుర్తుపెట్టుకున్నవారు ఈ పాటల మాటలను అంతగా పట్టించుకోరు గానీ, వాన్ జాంట్ కథ చెప్పడంలో దిట్ట అని ఈ నాలుగు పాటలూ చెబుతాయి.

ఫ్రీ బర్డ్

ఆల్బమ్ చివరి పాట 'ఫ్రీ బర్డ్' నిడివి తొమ్మిది నిమిషాల ఎనిమిది సెకన్లు. రేడియోలో మూడు, నాలుగు నిమిషాల పాటలే నడిచే రోజుల్లో కంపెనీకి ఇది కొరుకుడు పడలేదు. తాను రేపు వెళ్లిపోతే ఇంకా గుర్తుంచుకుంటావా అని కాలిన్స్‌ను ఆయన ప్రియురాలు అడిగిన ప్రశ్న ఈ పాటకు విత్తనం. ఆ ప్రశ్న తొలి చరణంలోకి వచ్చింది, పాటలో మాత్రం అడిగేవాడు మగవాడు. ఒకచోట కట్టుబడి ఉండలేనని, తన తత్వం మారదని ప్రేయసికి చెప్పి సెలవు తీసుకుంటాడు.

పాటలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగంలో ఆర్గన్, పియానో, నిదానమైన లయ. చిన్న గొట్టాన్ని తీగల మీద జార్చి రాసింగ్టన్ తీసే స్లైడ్ గిటారు పిట్ట కూతలా పలుకుతుంది. దాదాపు నాలుగున్నర నిమిషాల దగ్గర లయ ఒక్కసారిగా రెట్టింపవుతుంది, గాత్రం ఆగిపోతుంది. అక్కడి నుంచి చివరిదాకా జి, బి ఫ్లాట్, సి అనే మూడు కార్డుల చుట్టూ గిటార్ల పరుగు. సోలోను కాలిన్స్ రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. రెండు గిటార్లు ఒకే మాట మాట్లాడుతున్నట్టు వినిపించడానికి కారణం అదే. ప్రతి స్వరం ముందే ఖాయమైనది కాబట్టి ఆ పేర్పు కుదిరింది.

మన కడప జిల్లా పల్లెల్లో, కమలాపురం వైపు కూడా ఆడే చెక్కభజన తెలిసినవారికి ఈ నడక పరాయిగా అనిపించదు. గురువు పాట ఎత్తుకోగానే అడుగులు నిదానంగా పడతాయి. పోనుపోను చెక్కల మోత హెచ్చి, చివర పాట వెనకబడి లయే మిగులుతుంది. అక్కడ కూడా అంత వేగంలో ఒక్క అడుగూ తప్పకపోవడానికి కారణం నెలల తరబడి వేసిన అడుగులే.

1971లో మోటారుసైకిల్ ప్రమాదంలో చనిపోయిన గిటారు వాద్యకారుడు డ్యూయేన్ ఆల్‌మన్‌కు ఈ పాటను బ్యాండు వేదికల మీద అంకితమిచ్చేది. అందువల్ల ఆయన మీదే రాశారన్న నమ్మకం వ్యాపించింది. కానీ ఆయన మరణానికి ముందే పాట పుట్టింది. ఏ కచేరీలోనైనా, ఏ బ్యాండు ఆడుతున్నా ప్రేక్షకుల్లోంచి ఎవరో ఒకరు 'ఫ్రీ బర్డ్' అని కేకేయడం అమెరికాలో పాత హాస్యంగా స్థిరపడింది.

విడుదల, ఆదరణ

1973 జూలై చివర్లో అట్లాంటాలోని రిచర్డ్స్ క్లబ్బులో సౌండ్స్ ఆఫ్ ది సౌత్ లేబుల్ ప్రారంభోత్సవం జరిగింది. అక్కడ బ్యాండు వాయించిన తీరు పత్రికలవారిని ఆకట్టుకుంది. ఆ ఏడు నవంబరు 20న శాన్‌ఫ్రాన్సిస్కోలోని కౌ ప్యాలెస్‌లో బ్రిటిష్ బ్యాండు 'ది హూ' అమెరికా యాత్ర మొదలైంది. వాళ్లకంటే ముందు వేదికెక్కే అవకాశం లెనర్డ్ స్కినర్డ్‌కు దక్కింది. క్లబ్బుల్లో వందలమంది ముందు వాయించినవాళ్లు ఒక్కసారిగా వేలమంది ముందుకు వచ్చారు.

ఆల్బమ్ మాత్రం మెల్లగానే అమ్ముడుపోయింది. 1974లో వచ్చిన రెండో ఆల్బమ్ 'సెకండ్ హెల్పింగ్', అందులోని 'స్వీట్ హోమ్ అలబామా' పాట పెద్ద విజయం సాధించాకే జనం వెనక్కి వచ్చి మొదటిదాన్ని కొన్నారు. అలా అది బిల్‌బోర్డ్ జాబితాలో 27వ స్థానం దాకా చేరింది. 1974 డిసెంబరులో గోల్డ్, 1987లో డబుల్ ప్లాటినం గుర్తింపు పొందింది. సగానికి కుదించి సింగిల్‌గా విడుదల చేసిన 'ఫ్రీ బర్డ్' 1975 జనవరిలో 19వ స్థానానికి వెళ్లింది. 1976లో అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్‌లో రికార్డు చేసిన 'వన్ మోర్ ఫ్రమ్ ది రోడ్' ఆల్బమ్‌లో ఇదే పాట ఇంకా పొడవు పెరిగింది.

విమాన ప్రమాదం, తరువాత

1977 అక్టోబరు 20న దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్ నుంచి లూసియానాలోని బాటన్ రూజ్‌కు బ్యాండు ప్రయాణిస్తున్న కాన్‌వేర్ విమానం ఇంధనం అయిపోయి మిసిసిపీ రాష్ట్రంలోని గిల్స్‌బర్గ్ దగ్గర అడవిలో కూలింది. వాన్ జాంట్, గిటారు వాద్యకారుడు స్టీవ్ గెయిన్స్, ఆయన అక్క, గాయని క్యాసీ గెయిన్స్, సహాయ మేనేజరు డీన్ కిల్‌ప్యాట్రిక్, ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఐదో స్టూడియో ఆల్బమ్ 'స్ట్రీట్ సర్వైవర్స్' విడుదలై అప్పటికి మూడు రోజులే. దానితో బ్యాండు ఆగిపోయింది.

పదేళ్ల తరువాత, 1987లో, రానీ తమ్ముడు జానీ వాన్ జాంట్ గాయకుడిగా బ్యాండు తిరిగి కచేరీలు మొదలుపెట్టింది. ఆ యాత్రలో 'ఫ్రీ బర్డ్'ను గాత్రం లేకుండా వాద్యాలతోనే వినిపించారు, మాటలను ప్రేక్షకులే పాడారు. 2006లో లెనర్డ్ స్కినర్డ్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

సదరన్ రాక్‌లో స్థానం

ఈ బాణీకి దారి వేసింది ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండు. వాళ్ల తొలి ఆల్బమ్ 1969లో వచ్చింది. జార్జియాలోని మేకన్ నగరంలో ఫిల్ వాల్డెన్ నడిపిన క్యాప్రికార్న్ రికార్డ్స్ సంస్థ ఆ ధోరణికి కేంద్రం. మార్షల్ టక్కర్ బ్యాండు తొలి ఆల్బమ్ కూడా 1973లోనే వెలువడింది. ఆల్‌మన్ సోదరుల సంగీతంలో జాజ్ వాసన, విస్తారం ఎక్కువ. లెనర్డ్ స్కినర్డ్ పాటల్లో కట్టుదిట్టం, సూటిదనం, కథ ఎక్కువ. తరువాత వచ్చిన దక్షిణాది రాక్ బ్యాండ్లకు, నేటి కంట్రీ గాయకుల్లో చాలామందికి ఈ రెండో దారే అనుకరణీయమైంది.

హెవీ మెటల్ బ్యాండు మెటాలికా 1998లో 'గ్యారేజ్ ఇంక్' ఆల్బమ్‌లో 'ట్యూస్‌డేస్ గాన్'ను పాడింది. షైన్‌డౌన్ బ్యాండు పాడిన 'సింపుల్ మ్యాన్' కొత్త తరానికి ఆ పాటను పరిచయం చేసింది. 'ఫారెస్ట్ గంప్', 'కింగ్స్‌మన్' వంటి సినిమాల్లో 'ఫ్రీ బర్డ్' వినిపిస్తుంది. గిటార్ వరల్డ్ పత్రిక గొప్ప గిటారు సోలోల జాబితాలో దానికి మూడో స్థానం ఇచ్చింది. రోలింగ్ స్టోన్ పత్రిక వేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో ఈ ఆల్బమ్ ఉంది.

బ్యాండు పేరుతో పాటు ఒక వివాదం కూడా నడిచింది. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వం కొనసాగాలని పోరాడిన దక్షిణ రాష్ట్రాల సమాఖ్య జెండాను వేదిక వెనుక కట్టడం బ్యాండుకు అలవాటైంది. అది రికార్డు కంపెనీ ప్రచారం కోసం తెచ్చిన ఆలోచన అని బ్యాండు వారు చెప్పారు. 2012లో ఆ జెండాకు దూరమవుతున్నామని రాసింగ్టన్ ప్రకటిస్తే కొందరు అభిమానులు మండిపడ్డారు, బ్యాండు మాట సవరించుకోవలసి వచ్చింది. నల్లజాతి సంగీతం పునాదిగా పైకి వచ్చిన బ్యాండు ఆ జెండా కింద నిలబడటం సమర్థించలేని పని. తొలి ఆల్బమ్ అట్ట మీద గానీ, పాటల్లో గానీ ఆ జెండా ఊసు లేదు. ఆల్బమ్‌ను అంచనా వేసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సీమ పాఠకుడికి ఈ చరిత్రలో తెలిసిన ముఖాలు కనిపిస్తాయి. అమెరికా సినిమాల్లో దక్షిణాది యాస చాలాకాలం మొరటుతనానికి గుర్తు. మన సినిమాల్లో రాయలసీమ యాసను కొన్నేళ్లపాటు ముఠా కక్షల కథలకే కట్టిపడేశారు. వాన్ జాంట్ తన యాసను దాచుకోలేదు, దాన్ని వేషంగానూ వేసుకోలేదు. తల్లి మాట, బారులో భయం, తాగుడు, రైలు ప్రయాణం లాంటి మామూలు సంగతులను తన ఊరి మాటలో పాడాడు.

అట్ట మీది ఏడుగురిలో వాన్ జాంట్ తరువాత కాలిన్స్ 1990లో, విల్కెసన్ 2001లో, పావెల్ 2009లో, బర్న్స్ 2015లో, కింగ్ 2018లో మరణించారు. చివరగా 2023 మార్చి 5న రాసింగ్టన్ కన్నుమూశాడు. సదరన్ రాక్ వినడం మొదలుపెట్టేవారు జాబితాలు వెతుక్కోనవసరం లేదు. ఈ ఎనిమిది పాటలను వరుస మార్చకుండా ఒకసారి వింటే ఆ బాణీ బలమేమిటో తెలుస్తుంది.